హ్యాంగర్ మాది, నేల ఊరిది

మా హ్యాంగర్ కప్పు రెండేళ్లుగా కారుతోంది. ఉత్తరం మూల రేకుల దగ్గర స్క్రూలు వదులైపోయి, వాన గట్టిగా పడితే నీళ్లు సరిగ్గా విమానం ఎడమ రెక్క పక్కన దిగుతున్నాయి. పోయిన నెల రూఫింగ్ పనిచేసే ఆయన్ని పిలిపించాను. నిచ్చెనెక్కి చూసి, సీలెంట్ పూస్తే రెండు మూడేళ్లు ఆగుతుంది, రేకులు మొత్తం మారిస్తే 30 ఏళ్ల దాకా మళ్లీ పైకి చూడక్కర్లేదు అన్నాడు. మామూలుగా అయితే ఆలోచించే పనే లేదు, మార్చేయమనేవాణ్ణి. కానీ ఆ హ్యాంగర్ నిలబడ్డ నేల మాది కాదు. ఆ నేల మీద మా లీజు ఇంకా 11 ఏళ్లే ఉంది. ఆ 11 ఏళ్లు అయిపోయాక ఏమవుతుందన్న దాని మీదే ఇప్పుడు మా ఎయిర్‌పోర్టులో ఇంత గొడవ.

అమెరికాలో చిన్న విమానాలతో సంబంధం లేనివాళ్లకు ఇదంతా కొత్తగా ఉంటుంది కాబట్టి ముందు అసలు ఏర్పాటు ఏమిటో చెబుతాను. పెద్ద ఎయిర్‌లైన్ల విమానాలు దిగే ఎయిర్‌పోర్టులు కాకుండా, శిక్షణ విమానాలు, సొంత విమానాలు, అంబులెన్సు విమానాలు, పొలాలకు మందు చల్లే విమానాలు తిరిగే చిన్న ఎయిర్‌పోర్టులు ఈ దేశంలో వేలల్లో ఉన్నాయి. వీటిలో చాలావాటికి యజమాని ఊరి సిటీయో, జిల్లా లాంటి కౌంటీయో, వాళ్లు పెట్టిన ఒక బోర్డో. విమానం ఎండావానల్లో పాడవకుండా పెట్టుకోవడానికి షెడ్డు కావాలి, దాన్నే హ్యాంగర్ అంటారు. అన్నీ కట్టించే డబ్బు ఎయిర్‌పోర్టు దగ్గర ఉండదు, అందుకని నేలను లీజుకిచ్చి, హ్యాంగర్ మీరే కట్టుకోండి అంటారు. దీనికి గ్రౌండ్ లీజు అని పేరు. మనం చదరపు అడుగుకి ఇంత అని ఏటా నేల అద్దె కడతాం. షెడ్డు ఖర్చు, దాని ఇన్సూరెన్సు, మరమ్మతు అంతా మనదే.

మేము ముగ్గురం కలిసి నాలుగు సీట్ల సెస్నా విమానం ఒకటి కొనుక్కున్నాం. దాన్ని పెట్టుకోవడానికి ఏడేళ్ల కిందట, రిటైరైన ఒక మెకానిక్ దగ్గర ఈ హ్యాంగర్ కొన్నాం. అప్పటికి ఆయన 30 ఏళ్ల లీజులో 18 ఏళ్లు మిగిలున్నాయి. గడువు తీరాక రెండు పక్షాలూ ఒప్పుకుంటే పొడిగించుకోవచ్చు, లేదంటే షెడ్డు విప్పుకుని నేల ఖాళీ చేసి ఇవ్వాలి అని ఆ కాగితంలో ఉంది. విప్పుకుపోయినవాళ్లు ఎవరూ లేరని, అందరికీ పొడిగిస్తూనే వచ్చారని ఆయన చెప్పాడు, ఎయిర్‌పోర్టు ఆఫీసులోనూ అదే మాట. ఆ మాట నమ్మే కొన్నాం. అప్పుడు మా ఆవిడ అడిగింది, "అయితే ఆ షెడ్డు మనదా కాదా?" అని. మనదే అన్నాను. నేల సంగతి అడిగితే, అది ఊరిది, ఎక్కడికీ పోదు అన్నాను. ఈమధ్య మళ్లీ అదే ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

ఎందుకంటే మూడు నెలల కిందట బోర్డు కొత్త లీజు పాలసీ డ్రాఫ్టు బయటపెట్టింది. అందులో అద్దె పెంపు ఉంది, ఐదేళ్లకోసారి మార్కెట్ ధర లెక్కగట్టి సవరించడం ఉంది, వాటి సంగతి తర్వాత చెబుతాను. అసలు చిక్కు రివర్షన్ క్లాజ్ అనే దానితో. అంటే లీజు గడువు తీరిన రోజున, నేల మీద ఉన్న కట్టడం పైసా పరిహారం లేకుండా ఎయిర్‌పోర్టు సొంతం అవుతుంది. ఆ మర్నాటి నుంచి నేను అదే హ్యాంగర్‌లో ఉండాలంటే, నేనే కొనుక్కుని నేనే కప్పు వేయించుకున్న ఆ హ్యాంగర్‌కి నేల అద్దె కాకుండా పూర్తి షెడ్డు అద్దె కట్టాలి. ఇది ఒక ఎత్తు. రెండోది ఇంకా ఇబ్బంది. మధ్యలో హ్యాంగర్ అమ్మితే, కొన్నవాళ్లకు పాత లీజు బదిలీ కాదు, రివర్షన్ క్లాజ్ ఉన్న కొత్త లీజు మీద సంతకం పెట్టాలి. దీని మాట వినపడిన వారం నుంచి మా వరసలో అమ్మకానికి పెట్టిన రెండు హ్యాంగర్లను చూడ్డానికి ఒక్కరు రాలేదు.

ఈమధ్య ఒక మంగళవారం సాయంత్రం సిటీ హాల్లో దీని మీద బహిరంగ విచారణ పెట్టారు. ఎవరైనా పేరు రాసిచ్చి మూడు నిమిషాలు మాట్లాడొచ్చు. కుర్చీలు చాలక వెనక గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్లు కూడా ఉన్నారు. నేను మూడు నిమిషాలకు సరిపడా కాగితం మీద రాసుకుని వెళ్లాను, వెళ్లేటప్పుడు కోపంగానే వెళ్లాను, ఇది దోపిడీ తప్ప ఇంకొకటి కాదు అన్న నమ్మకంతో.

మొదట ఒక పెద్దాయన మాట్లాడాడు. తన చేతులతో స్తంభాలు పాతి, కాంక్రీటు పోసి 26 ఏళ్ల కిందట హ్యాంగర్ కట్టుకున్నాడు, లీజు ఇంకా నాలుగేళ్లే ఉంది. "ఆనాడే ఇది మీదవుతుందని చెప్పి ఉంటే నేను ఇంత మంచి తలుపు పెట్టించేవాణ్ణి కాదు" అన్నాడు. తర్వాత భర్త పోయిన ఒకామె. ఆమె విమానం నడపదు, ఆ హ్యాంగర్ అమ్మి ఆ డబ్బుతో ఇంటి అప్పు తీర్చుకుందామని చూస్తోంది, డ్రాఫ్టు వచ్చాక బేరం తిరిగిపోయింది. గొంతు వణికి రెండో నిమిషంలోనే ఆపేసి కూర్చుంది.

ఆ తర్వాత లేచినాయనకి విమానాలతో ఏ సంబంధమూ లేదు. రన్‌వేకి రెండు వీధుల అవతల ఉంటాడు. ఆయన మాటలు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి. "ఇది మనందరి నేల. ఊరి మధ్యలో ఇంత స్థలం ఉంటే, కొద్దిమంది తమ విమానాలు పెట్టుకోవడానికి ఎన్నో ఏళ్ల కిందటి అద్దెకి ఇస్తున్నాం. నా ఇంటి పన్ను ఏటా పెరుగుతోంది. వీళ్ల అద్దె ఎందుకు పెరగకూడదు? లీజు తీరిపోయాక కూడా అది మాదే అంటే, అది లీజు ఎలా అవుతుంది?" అని అడిగాడు. మా వాళ్లలో కొందరు గొణిగారు. నేను నా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. నిజంగానే, లీజు అన్నాక ఒక రోజు తీరాలి కదా. ఆయన ప్రశ్నకు నేను రాసుకున్న మూడు నిమిషాల్లో జవాబు లేదు. నా పేరు పిలిచినప్పుడు, రాతపూర్వకంగా ఇస్తాను అని మాత్రం చెప్పి కూర్చున్నాను.

ఆ రాత్రి నుంచి మొదలుపెట్టి వారం రోజులు ఎఫ్ఏఏ, అంటే కేంద్ర విమానయాన సంస్థ, నియమాలు చదువుతూ కూర్చున్నాను. ఎయిర్‌పోర్టు కేంద్రం నుంచి గ్రాంటు తీసుకున్నప్పుడు కొన్ని హామీల మీద సంతకం పెడుతుంది, గ్రాంట్ అస్యూరెన్స్‌లు అంటారు. మా లాంటి చిన్న ఎయిర్‌పోర్టుల్లో రన్‌వే మళ్లీ వేయడం లాంటి పనుల ఖర్చులో మామూలుగా 90 శాతం దాకా ఈ గ్రాంటే. ఆ డబ్బు ఎక్కడిదంటే ఎక్కువగా ఎయిర్‌లైన్ టికెట్ల మీద వేసే పన్నులది. దేశంలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎగిరే ప్రతి ప్రయాణికుడూ టికెట్ మీద 7.5 శాతం కడుతున్నాడు. కాబట్టి ఆ రెండు వీధుల అవతలి ఆయన కూడా మా రన్‌వేకి డబ్బు కట్టినవాడే, అడిగే హక్కు ఆయనకు నిండా ఉంది. దీన్ని మా హ్యాంగర్ల వాళ్లు ఒప్పుకోవాలి.

హామీల్లో 24వది అద్దెల గురించి. ఎయిర్‌పోర్టు ఉన్న పరిస్థితుల్లో వీలైనంత వరకు తన కాళ్ల మీద తాను నిలబడేలా అద్దెలూ రుసుములూ పెట్టుకోవాలి అంటుంది. అంటే ఏళ్ల తరబడి కదలని అద్దె మాకు బావుంది గానీ, ఆ హామీ ప్రకారం చూస్తే అది బోర్డు చేసిన తప్పు. విమానాల కోసం వాడే నేలకు అద్దె సమంజసంగా ఉండాలి, ఒకేలాంటి వాళ్ల మధ్య అన్యాయమైన తేడా చూపకూడదు. విమానాలతో సంబంధం లేని వాడకానికైతే, అంటే గోడౌనో దుకాణమో పెట్టుకుంటే, మార్కెట్ అద్దె తీసుకోవాలి. అద్దె పెంపు విషయంలో నేను మనసు మార్చుకున్నది ఇది చదివాకే. పెంచమనండి, ఏటా ధరల సూచీని బట్టి కొంచెం కొంచెం పెంచమనండి. ఇన్నేళ్లు నిద్రపోయి ఒక్కసారిగా రెట్టింపు చేయడం మాత్రం వద్దు, అంతే.

25వ హామీ ఆ రోజు హాల్లో ఎవరూ ఎత్తలేదు, ఎత్తి ఉంటే సగం వాదన చల్లారేది. ఎయిర్‌పోర్టు సంపాదించిన ప్రతి డాలరూ, కొన్ని పాత మినహాయింపులు తప్పితే, ఎయిర్‌పోర్టు మీదే ఖర్చు పెట్టాలి. 1982 నాటి చట్టం నుంచి వస్తున్న షరతు ఇది. హ్యాంగర్లు స్వాధీనం చేసుకుని ఆ అద్దెలతో పార్కు బాగుచేయొచ్చు, రోడ్లు వేయొచ్చు అని ఇద్దరు ముగ్గురు మాట్లాడారు, వాళ్లకి చప్పట్లు కూడా పడ్డాయి. అలా కుదరదు. పార్కుకి ఒక్క డాలరు పోదు. ఈ మాట బోర్డులో కూర్చున్నవాళ్లకు తెలియకుండా ఉండదు, అయినా ఎవరూ మైకు దగ్గరకు లాక్కుని చెప్పలేదు. అది నాకు బాధ కలిగించింది. జనాన్ని ఒక తప్పు ఆశ మీద మా మీదకి నిలబెట్టినట్టయింది.

ఇక రివర్షన్. పెట్టాలని గానీ పెట్టకూడదని గానీ ఆ హామీల్లో ఎక్కడా లేదు, అది స్థానిక బోర్డు ఇష్టం. చాలా ఎయిర్‌పోర్టుల్లో ఉంది కూడా. ఆ హామీలను ఎలా పాటించాలో చెప్పే ఎఫ్ఏఏ వాళ్ల కంప్లయన్స్ మాన్యువల్‌లో లీజు గడువు గురించి ఒక మాట ఉంది. 30 నుంచి 35 ఏళ్ల లీజు, కట్టినవాడు అప్పు తీర్చుకుని తగిన లాభం పొందడానికి మామూలుగా సరిపోతుందట, 50 ఏళ్లు దాటితే మాత్రం అది లీజులా కాకుండా ఆస్తిని వదిలేసుకున్నట్టు లెక్కవచ్చట. అంటే ఎప్పటికీ మాదే అనడం కుదరదు. ఎంతో కాలం ఇచ్చి, ఆ కాలంలో పెట్టుబడి తిరిగి వచ్చేలా చూసి, తర్వాత కట్టడం ఊరికి చేరుతుంది అంటే అందులో అన్యాయం లేదు. మొదటి రోజే కాగితం మీద రాసి ఉంటే, కట్టేవాడు దాన్ని బట్టే ఖర్చు పెడతాడు, కొనేవాడు దాన్ని బట్టే బేరమాడతాడు.

నాకు కోపం తెప్పించేది ఒక్కటే. ఆ షరతు లేకుండా కట్టుకున్నవాళ్లకి, ఆ షరతు లేకుండా కొనుక్కున్నవాళ్లకి, మధ్యలో తెచ్చి తగిలించడం. మీ లీజును మేము ముట్టుకోవడం లేదు, గడువు దాకా అలాగే ఉంటుంది అని బోర్డు తరఫు లాయరు చెప్పాడు. కాగితం ప్రకారం నిజమే. కానీ అమ్ముకునే దారి మూసేస్తే, పొడిగించుకునే దారి మూసేస్తే, మిగిలిన 11 ఏళ్ల లీజు విలువ ఆ రోజే సగం పోయినట్టే కదా. ఆ భర్త పోయినామె లీజులో ఒక్క అక్షరం మారలేదు, ఆమె బేరం మాత్రం పోయింది.

ఇంకో సంగతి, ఇది హ్యాంగర్ లోపల నిలబడి చూసినవాళ్లకే తెలుస్తుంది. గడువు దగ్గరపడ్డ షెడ్డును ఎవరూ బాగుచేయరు. నా కప్పే చూడండి. 30 ఏళ్లు నిలిచే రేకులు వేసి, 11 ఏళ్లు వాడుకుని, మిగతా 19 ఏళ్లు బోర్డుకి ఉచితంగా ఇవ్వాలంటే ఎవరు వేస్తారు? బ్యాంకు కూడా ఇవ్వదు, తాకట్టు పెట్టడానికి నేల మనది కాదు, షెడ్డు మీద హక్కు కూడా తరిగిపోతోంది. ఇలా వరస మొత్తం పదేళ్ల పాటు సీలెంట్ పూసుకుంటూ గడిపితే, చివరికి ఎయిర్‌పోర్టు చేతికి వచ్చేది తుప్పు పట్టిన షెడ్లు. వాటిని కూలగొట్టే ఖర్చు ఎవరిది? ఊరికి ఆస్తి వస్తుందని చెప్పేవాళ్లు ఈ చివరి పదేళ్లను లెక్కలోకి తీసుకోవడం లేదు.

హాల్లో ఒక కుర్రాడు కూడా మాట్లాడాడు, మెకానిక్ లైసెన్సు కొత్తగా వచ్చింది, సొంతంగా రిపేరు షాపు పెట్టాలని నాలుగేళ్లుగా హ్యాంగర్ కోసం వెయిటింగ్ లిస్టులో ఉన్నాడు. ఉన్న హ్యాంగర్లలో కొన్నిటిలో పడవలు, పాత కార్లు, ఇంటి సామాను ఉన్నాయి, విమానం లేదు అన్నాడు. అది నిజం, మా వరసలోనే ఒకటుంది. దీని మీద ఎఫ్ఏఏ 2016లో ఒక పాలసీ ప్రకటించింది, 2017 జూలై 1 నుంచి అమల్లో ఉంది. హ్యాంగర్ విమానాల కోసమే వాడాలి, విమానానికి అడ్డం రాకపోతే పక్కన ఇతర సామాను ఉండొచ్చు, ఇంట్లో తయారుచేసుకునే విమానం కట్టుకుంటున్నా అది విమానాల వాడకం కిందే లెక్క. ఈ ఒక్క నియమం గట్టిగా అమలు చేస్తే వెయిటింగ్ లిస్టు కొంచెం కదులుతుంది, దానికి కొత్త పాలసీ అక్కర్లేదు. మాలో కొందరికి ఈ మాట నచ్చదని తెలుసు. ఆ కుర్రాడి ముందు నిలబడి పడవను సమర్థించడం నా వల్ల కాదు.

ఇంకో భయం కూడా ఉంది, హాల్లో ఎవరూ పైకి అనలేదు గానీ బయట పార్కింగ్‌లో అందరూ అదే మాట్లాడుకున్నారు. లీజులు బిగించడం ఎయిర్‌పోర్టును మెల్లగా మూసేయడానికి మొదటి మెట్టేమోనని. ఊరికే పుట్టిన భయం కాదు. కాలిఫోర్నియాలో శాంటా మోనికా సిటీ తన ఎయిర్‌పోర్టును మూసేయాలని ఏళ్ల తరబడి కేంద్రంతో కోర్టుల్లో పోరాడింది. ఆ క్రమంలో దీర్ఘకాలిక లీజులు ఇవ్వడం మానేసి నెల నెలా అద్దె మీద నడిపింది. 2017లో కేంద్రంతో ఒప్పందం కుదిరి, రన్‌వేను 3,500 అడుగులకు కుదించారు, 2028 డిసెంబర్ 31 తర్వాత మూసేసుకునే హక్కు సిటీకి దక్కింది. చికాగోలో మెయిగ్స్ ఫీల్డ్ సంగతి ఇంకా మొరటు. 2003 మార్చి చివర్లో ఒక రాత్రి మేయర్ రిచర్డ్ డేలీ పంపిన బుల్డోజర్లు రన్‌వే మీద పెద్ద పెద్ద ఎక్స్ గుర్తులు తవ్వాయి, విమానాలు అక్కడే చిక్కుకుపోయాయి. మా బోర్డుకి అలాంటి ఉద్దేశం ఉందని నేను అనుకోవడం లేదు. కానీ లేదన్న మాట వాళ్లు నోరు తెరిచి చెప్పాలి, ఇంకో 20 ఏళ్లు ఎయిర్‌పోర్టు ఇక్కడే ఉంటుందని ప్లానులో రాసి చూపించాలి.

కొందరు వెంటనే ఎఫ్ఏఏకి పార్ట్ 16 కింద, అంటే హామీలు తప్పారని అధికారికంగా, ఫిర్యాదు చేద్దాం అంటున్నారు. నేను వద్దన్నాను. అది చివరి మెట్టు, అక్కడికి వెళ్తే రెండు పక్షాలూ లాయర్ల ద్వారానే మాట్లాడుకోవాలి, ఇప్పుడు ఎదురెదురుగా కూర్చునే వీలుంది. పైగా రివర్షన్ అనేదే తప్పు అని అక్కడ మనం గెలిచే అవకాశం నాకు కనిపించడం లేదు.

అందుకే వారం చదివాక బోర్డుకి రెండు పేజీల ఉత్తరం రాశాను, ఇక్కడ దాని సారం చెబుతాను. రివర్షన్ పెట్టదలచుకుంటే ఇకమీద ఖాళీ నేల మీద కొత్తగా కట్టేవాటికి పెట్టండి, వాళ్లకి తెలిసే కట్టుకుంటారు. ఇప్పటికే ఉన్నవాటికి, ఎవరైతే కప్పు, తలుపు, విద్యుత్తు లాంటివి బాగుచేయిస్తారో వాళ్లకి పెట్టిన ఖర్చును బట్టి లీజు ఏళ్లు పొడిగించండి, పొడిగించిన ఆ గడువు చివర్లో కట్టడం మీరు తీసుకోండి, నాకు అభ్యంతరం లేదు. అలా చేస్తే మీకు చేరేది తుప్పు పట్టింది కాదు, పనికొచ్చేది. మధ్యలో అమ్ముకుంటే మిగిలిన గడువు పాత షరతులతోనే కొన్నవాళ్లకి బదిలీ కానివ్వండి. అద్దె పెంచండి, ఎంత పెంచుతారో ఏ లెక్కతో పెంచుతారో లీజులోనే రాయండి. వెయిటింగ్ లిస్టు అందరికీ కనపడేలా పెట్టండి. ఎయిర్‌పోర్టు రాబడి, ఖర్చు ఏటా ఒక పేజీలో ఊరివాళ్లందరికీ పంపండి, పార్కుకి డబ్బు పోదన్న సంగతి కూడా అందులో రాయండి.

ఉత్తరం ఇచ్చిన మర్నాడు ఆ రెండు వీధుల అవతలి ఆయన్ని వెతుక్కుంటూ వెళ్లి నన్ను నేను పరిచయం చేసుకున్నాను. గుమ్మంలోనే నిలబడి అరగంట మాట్లాడాం. అద్దె పెంచమని నేనే రాశానంటే మొదట నమ్మలేదు, కాపీ చూపించాను. ఆయనకి చప్పుడు మీద కూడా ఫిర్యాదు ఉంది, ఆదివారం పొద్దున్నే శిక్షణ విమానాలు చుట్టూ తిరుగుతుంటే నిద్ర పట్టదట. అది నేను తీర్చగలిగింది కాదు, శిక్షణ స్కూలు వాళ్లతో మాట్లాడతానని మాత్రం చెప్పాను. ఆయన కూడా ఒక మాట ఇచ్చాడు, పాత లీజుల వాళ్ల సంగతి వేరుగా చూడాలని వచ్చే సమావేశంలో తానూ చెబుతానని.

ఓటింగ్ 60 రోజులు వాయిదా వేశారు. ఈలోపు మా వరసలో ఎవరి లీజు ఎన్నేళ్లుందో, ఎవరు ఎంత ఖర్చు పెట్టారో ఒక పట్టిక తయారు చేస్తున్నాం, ఆ పెద్దాయన కాంక్రీటు బిల్లులు 26 ఏళ్ల నాటివి ఇంకా దాచుకుని ఉన్నాడు, తెచ్చిచ్చాడు. రూఫింగ్ ఆయనకి ఫోన్ చేసి ఇప్పటికి సీలెంట్ చాలన్నాను. శనివారం వస్తానన్నాడు. అప్పటిదాకా ఎడమ రెక్క మీద టార్పాలిన్ కప్పి ఉంచాం.